వెన్నుపూసలో దొరికిన కాలేయ క్యాన్సర్: క్షయ అనుకుని నేను పోగొట్టిన ఐదు వారాలు

ఈ కేసులోని రోగి ఇప్పుడు లేరు. కుటుంబం అనుమతి తీసుకుని, ఎవరినీ గుర్తుపట్టడానికి వీల్లేకుండా వయసు, ఊరు, బంధుత్వాలకు సంబంధించిన వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను. జబ్బు నడిచిన తీరును, మేము తీసుకున్న నిర్ణయాలను, ఒక్కో నిర్ణయానికి పట్టిన కాలాన్ని మాత్రం మార్చలేదు. కోస్తాలోని ఒక పట్టణంలో నేను జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తున్నాను. ఈ కేసులో మొదటి తప్పు మందు రాసింది నేనే. ఆ చీటీ రాసేనాటికి నా ముందు ఏమేం కాగితాలు ఉన్నాయో, వాటిని నేను ఎలా చదువుకున్నానో వరసగా పెడితే, అలాంటి కాగితాలే ముందు పెట్టుకుని కూర్చునే మరో వైద్యుడికి ఉపయోగపడవచ్చు.

నేపథ్యం

రోగి నలభై ఆరేళ్ల పురుషుడు, రైస్ మిల్లులో ఇరవై ఏళ్లకు పైగా హమాలీగా పనిచేశారు. 75 కిలోల ధాన్యం బస్తాలు రోజూ వీపు మీద మోసే మనిషికి వెన్నునొప్పి వస్తే ఎవరూ కారణం వెతకరు. ఆయనా వెతకలేదు, ఇంట్లోవాళ్లూ వెతకలేదు, మూడు నెలల పాటు డైక్లోఫెనాక్ సూదులు వేసిన ఊరి ఆర్‌ఎంపీ కూడా వెతకలేదు. నా దగ్గరికి వచ్చేసరికి నొప్పి తీరు మారిపోయింది. పగలు బరువు ఎత్తినప్పుడు వచ్చే నొప్పి కాస్తా రాత్రి పడుకున్నాక వచ్చే నొప్పిగా మారింది. అది వీపు మధ్యలో మొదలై, మొలతాడు నాలుగు వేళ్లు పైకి జరిపి బిగించినట్టు రెండు పక్కల నుంచీ పొట్ట మీదికి వస్తోందని ఆయన చేత్తో గీసి చూపించారు. బరువు ఆరు కిలోలు తగ్గారు. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోందన్నారు. సిగరెట్లు లేవు, పండగలకూ పెళ్లిళ్లకూ తప్ప మందు లేదు.

ఆ రోజు నేను రాసుకున్న కేసు షీటులో రెండు ఖాళీలు ఉన్నాయి. కుటుంబ చరిత్ర అన్న చోట 'విశేషాలు లేవు' అని రాశాను. గత చరిత్ర అన్న చోట షుగరు లేదు, బీపీ లేదు, ఆపరేషన్లు లేవు అని రాసి ఊరుకున్నాను. ఈ రెండు గళ్లను సరిగా నింపి ఉంటే మిగతా కథ వేరేగా నడిచేదని ఇప్పుడు తెలుసు. వాటి సంగతికి తర్వాత వస్తాను.

మొదటి పరీక్షలు, నేను చదువుకున్న తీరు

ఎక్స్‌రేలో తొమ్మిదో వీపు వెన్నుపూస ఒక పక్కకు కుంగి కనిపించింది. ఒంట్లో వాపు ఉంటే పెరిగే ఈఎస్‌ఆర్ 68. క్షయ క్రిమికి చర్మం స్పందనను చూసే మాంటూ పరీక్షలో 14 మిల్లీమీటర్ల వాపు వచ్చింది. కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీఓటీ 64, ఎస్‌జీపీటీ 52, బిలిరుబిన్ 0.9, ప్లేట్‌లెట్లు 1,32,000. ఎంఆర్‌ఐలో ఆ వెన్నుపూస శరీర భాగం చాలావరకు తినేసినట్టు ఉంది. ఎడమవైపు పెడికిల్ (పూస వెనక భాగాన్ని కలిపే ఎముక వంతెన) కూడా పోయింది. పక్కన మెత్తటి కండలాంటి ముద్ద ఉంది. పైనా కిందా ఉన్న డిస్కులు మాత్రం చెక్కుచెదరలేదు. రేడియాలజిస్టు రెండు పేర్లు రాశారు: క్షయ కావచ్చు, వేరేచోటి నుంచి వ్యాపించిన క్యాన్సర్‌నూ పరిశీలించాలి. బయాప్సీ సూచించారు.

వెన్నెముక క్షయ సాధారణంగా డిస్కును ఆనుకుని ఉండే అంచున మొదలై, పక్కపక్క పూసలు రెండింటినీ పట్టుకుంటుంది. వాటి మధ్య డిస్కు సన్నబడుతుంది. క్యాన్సర్ వ్యాప్తి ఎక్కువగా ఒక పూసకు పరిమితమై, పెడికిల్‌ను తింటుంది, డిస్కును వదిలేస్తుంది. ఈ మాట ప్రతి హౌస్ సర్జన్‌కూ తెలుసు. నాకూ తెలుసు. అయినా పూస నడిమి భాగంలోనే మొదలై డిస్కును ముట్టని క్షయ కూడా ఉంటుందన్న నిజాన్ని అడ్డం పెట్టుకుని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, ఈఎస్‌ఆర్, మాంటూ అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి అనిపించింది. నిజానికి మన దేశంలో పెద్దవాళ్లలో మాంటూ పాజిటివ్ వస్తే ఎప్పుడో ఒకప్పుడు క్షయ క్రిమి ఒంట్లోకి వచ్చిందని మాత్రమే అర్థం. మిగతా మూడూ క్షయలో ఎంత వస్తాయో క్యాన్సర్‌లోనూ అంతే వస్తాయి. ఎటైనా మొగ్గగల ఆధారాలను నాలుగు చేర్చినంత మాత్రాన అవి ఒక గట్టి ఆధారం కావు. ఆ రోజు నేను వాటిని కూడిక చేశాను.

బయాప్సీ మాట ఎత్తగానే భార్య భయపడ్డారు. "వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయంట కదండీ" అన్నారు. సీటీ చూస్తూ సూది పెట్టే సౌకర్యం మా ఊళ్లో లేదు, పక్క జిల్లాకు వెళ్లాలి. వాళ్ల భయానికి నా తొందర తోడైంది. భయాన్ని తీర్చేలా ఇరవై నిమిషాలు కూర్చుని మాట్లాడాల్సిన చోట, "ముందు మందులు వాడి చూద్దాం, తగ్గకపోతే అప్పుడు" అన్నాను. క్షయ రోగుల వివరాలు ఉంచే ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్‌లో పేరు నమోదైంది. బరువు 54 కిలోలు కాబట్టి రోజుకు నాలుగు మాత్రల చొప్పున క్షయ మందులు మొదలయ్యాయి.

కాలేయ పరీక్ష రిపోర్టు గురించి కూడా ఒప్పుకోవాలి. తాగుడు లేని మనిషిలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కంటే ఎక్కువగా ఉంది. ప్లేట్‌లెట్లు లక్షన్నరకు లోపే ఉన్నాయి. ఈ రెండూ కలిసి కనిపిస్తే లోపల కాలేయం గట్టిపడుతోందేమోనని అనుమానించాలి. నేను 'స్వల్ప పెరుగుదల' అని గుండ్రం చుట్టి, పండగ మందు ఖాతాలో వేశాను. కాలేయాన్ని దెబ్బతీయగల మందులు మూడు ఒకేసారి మొదలుపెడుతూ కూడా హెపటైటిస్ బి పరీక్ష రాయలేదు. ఆ పరీక్షకు చుక్క రక్తం చాలు, పది పదిహేను నిమిషాల్లో ఫలితం వస్తుంది.

మందులు తేల్చిన విషయం

మొదటి పది రోజులు కాస్త తెరిపినిచ్చినట్టు కనిపించింది. జ్వరం రాలేదు, నొప్పి తగ్గింది. క్షయ మందు పనిచేస్తోందని అందరం సంతోషించాం. ఆ పది రోజులూ ఆయన పారాసిటమాల్ కలిసిన నొప్పి బిళ్లలు రోజుకు మూడు వేసుకున్నారని, జ్వరం తగ్గడానికి అదే చాలునని నాకు తట్టలేదు. మూడో వారంలో నొప్పి తిరిగి వచ్చింది. ఐదో వారంలో వాంతులు, అన్నం సహించకపోవడం మొదలయ్యాయి. ఎస్‌జీపీటీ 228, ఎస్‌జీఓటీ 310, బిలిరుబిన్ 1.8. మందుల వల్ల కాలేయం వాచిందన్నది మొదటి ఆలోచన, మందులన్నీ ఆపాను. అక్కడితో ఆగితే, వారం తర్వాత ఒక్కో మందూ తిరిగి కలుపుకుంటూ పోయేవాడిని. ఇంట్లోవాళ్లు ఆలోగా ఆయనకు కామెర్లకు పసరు మందు కూడా తాగించి వచ్చేవారు. ఆ మందు ఇచ్చే ఊరి పేరు, వెళ్లే బస్సు అప్పటికే కనుక్కున్నారు.

మందుల వల్ల వచ్చిన కాలేయ వాపు అని రాసే ముందు వైరస్‌లు లేవని తేల్చుకోవాలన్న నియమం ఈసారి పాటించాను. హెపటైటిస్ బి ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ వచ్చింది. అల్ట్రాసౌండ్‌లో కాలేయం గరుకుగా, ప్లీహం కొద్దిగా పెద్దదిగా ఉన్నాయి. కుడి భాగంలో పైన, డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండర పొర) గోపురానికి ఆనుకుని ఏడు సెంటీమీటర్ల గడ్డ ఉంది. స్కాన్ చేసిన డాక్టరు గారు ఫోన్లో, "ఊపిరి బిగపట్టమంటే తప్ప కనపడట్లేదండీ, పక్కటెముకల కింద దాక్కుంది" అన్నారు.

పాజిటివ్ అని చెప్పినప్పుడు ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. పన్నెండేళ్ల క్రితం మిల్లు దగ్గర రక్తదాన శిబిరం పెట్టారట. అందరితోపాటు ఈయనా ఇచ్చారు. రెండు వారాల తర్వాత ఎవరో వచ్చి, "నీ రక్తం పనికిరాదంట, ఇంకెప్పుడూ ఇవ్వొద్దన్నారు" అని చెప్పి వెళ్లారట. ఎందుకు పనికిరాదో వాళ్లు చెప్పలేదు, ఈయన అడగలేదు. తన రక్తం పలచనైందేమోనని నెలరోజులు బీట్‌రూట్ తిన్నారు. "ఆ సంగతి ఎవరూ అడగలేదండీ, నేనూ మర్చిపోయాను" అన్నారు. గత చరిత్ర గడిలో నేను వదిలేసిన ఖాళీ ఇదే.

రెండో ఖాళీ ఆ సాయంత్రమే నిండింది. వాళ్లమ్మ ఇరవై ఏళ్ల క్రితం పొట్టలో నీరు చేరి పోయారు. ఆమె జీవితంలో మందు ముట్టలేదు. ఆసియా దేశాల్లో హెపటైటిస్ బి ఎక్కువగా పుట్టుక సమయంలోనో పసితనంలోనో సోకుతుంది. పసివాడికి సోకితే తొంభై శాతం వరకు జీవితాంతం ఉండిపోతుంది, పెద్దయ్యాక సోకితే చాలామందిలో దానంతటదే పోతుంది. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దేశీయంగా తయారుచేసిన హెపటైటిస్ బి టీకాను మార్కెట్లోకి తెచ్చింది 1997లో. ఈయన పుట్టింది అంతకు చాలా ముందు.

చెప్పు జారడం

అల్ట్రాసౌండ్ రిపోర్టు పట్టుకుని నా గదిలోకి నడిచి వచ్చినప్పుడు ఎడమ కాలి చెప్పు గుమ్మం దగ్గరే ఉండిపోయింది. ఆయన గమనించలేదు, వెనకాల వస్తున్న భార్య దాన్ని చేత్తో పట్టుకొచ్చారు. అడిగితే, "రెండ్రోజుల్నుంచీ అంతేనండీ, చెప్పు ఎక్కడ జారిపోతుందో తెలీటం లేదు" అన్నారామె. కాలేయం గురించిన ఆలోచనలన్నీ అక్కడ పక్కన పెట్టాను. బల్ల మీద పడుకోబెట్టి చూస్తే రెండు కాళ్లలోనూ పట్టు ఐదుకు నాలుగు ఉంది, ఎడమవైపు ఇంకాస్త తక్కువ. పాదం అడుగున గీస్తే బొటనవేలు పైకి లేచింది. బొడ్డు దగ్గర నుంచి కిందికి సూది మొన స్పర్శ మొద్దుబారింది. మూత్రం, విరేచనం మీద అదుపు ఇంకా ఉంది. వెన్నుపాము నొక్కుకుపోతోంది. ఈ స్థితిలో చికిత్స మొదలుపెట్టే రోజుకు మనిషి నడవగలుగుతుంటే తర్వాత కూడా నడిచే అవకాశం ఎక్కువ. ఒకసారి పూర్తిగా పడిపోయిన కాళ్లు తిరిగి రావడం అరుదు.

అప్పుడు ఎదురైన మొదటి ప్రశ్న డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. వెన్నుపాము చుట్టూ వాపు తగ్గాలంటే అది వెంటనే పడాలి. అయితే ఇవ్వడానికి మూడు అభ్యంతరాలు ఉన్నాయి. ఇది క్షయే అయితే, మందులు ఆపి ఉన్న సమయంలో స్టెరాయిడ్ ఇవ్వడం ప్రమాదం. ఇది లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్) అయితే స్టెరాయిడ్ వల్ల కణాలు కరిగి బయాప్సీ చెడిపోవచ్చు. మూడోది ఖాయంగా ఉన్నది: హెపటైటిస్ బి ఉన్న మనిషికి స్టెరాయిడ్ ఇస్తే వైరస్ విజృంభించి, అప్పటికే వాచి ఉన్న కాలేయం చేతులెత్తేయవచ్చు. మొదటి రెండూ ఊహలు, మూడోదానికి విరుగుడు ఉంది. అందుకని ఆ రాత్రే డెక్సామెథసోన్ రోజుకు 16 మిల్లీగ్రాముల లెక్కన మొదలుపెట్టి, అదే పూట హెపటైటిస్ బి వైరస్‌ను అణిచే టెనోఫోవిర్ కూడా మొదలుపెట్టాం. నెలల తరబడి డైక్లోఫెనాక్ పడిన ఒంటికి టెనోఫోవిర్ ఇస్తున్నాం కాబట్టి మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూసుకున్నాం, 0.9 ఉంది. వైరస్ లెక్క కోసం రక్తం పంపాం గానీ దాని కోసం ఆగలేదు. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018లో మొదలైన తర్వాత ఈ మందు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా దొరుకుతోంది.

ముక్క ఎక్కడి నుంచి తీయాలి

మర్నాడు ఉదయం అంబులెన్సులో పక్క జిల్లాలోని క్యాన్సర్ విభాగానికి పంపి, వెనకే నేనూ వెళ్లాను. మూడు దశల సీటీలో (సిరలోకి మందు ఎక్కించి, వేర్వేరు సమయాల్లో తీసే స్కాన్) కాలేయం గడ్డ ధమని దశలో మెరిసి, పోర్టల్ సిర (పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే సిర) దశలో చుట్టూ ఉన్న కాలేయం కంటే నల్లబడింది. కాలేయ క్యాన్సర్ గడ్డ తన రక్తాన్ని ఎక్కువగా ధమని నుంచే తెచ్చుకుంటుంది, మామూలు కాలేయం ఎక్కువగా పోర్టల్ సిర నుంచి తెచ్చుకుంటుంది. ఈ తేడానే సీటీ బొమ్మలో పట్టుకుంటాం. దీర్ఘకాల హెపటైటిస్ బి ఉన్న మనిషిలో ఈ రెండు లక్షణాలూ స్పష్టంగా ఉంటే ముక్క తీయకుండానే కాలేయ క్యాన్సర్ అని నిర్ధారించవచ్చు. రెండు ఊపిరితిత్తుల్లోనూ చిన్న చుక్కలు ఉన్నాయి. కాలేయ క్యాన్సర్‌లో రక్తంలో పెరిగే ప్రోటీన్ ఏఎఫ్‌పీ 62 మాత్రమే వచ్చింది. కాలేయ క్యాన్సర్ ఉన్నవాళ్లలో దాదాపు మూడోవంతు మందిలో ఏఎఫ్‌పీ మామూలుగానే ఉంటుంది; కాలేయం వాచి కోలుకుంటున్నప్పుడు క్యాన్సర్ లేకున్నా ఈపాటి పెరగవచ్చు. ఆ అంకె మాకు ఎటూ సాయపడలేదు, ఎటూ మొగ్గనివ్వకూడదని ఈసారి జాగ్రత్తపడ్డాం.

కాలేయం సంగతి సీటీ తేల్చింది కదా, ఇక బయాప్సీ ఎందుకని ఒక వాదన వచ్చింది. నేను కావాలన్నాను. కాలేయంలో క్యాన్సర్ ఉన్నంత మాత్రాన వెన్నులో క్షయ ఉండకూడదని లేదు, మన దగ్గర ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు. ఒకసారి ఊహించి మందు రాసినవాణ్ణి, రెండోసారి ఊహ మీద రేడియేషన్ పెట్టించడానికి మనసొప్పలేదు. కాలేయం గడ్డలో సూది పెడితే ఆ దారి వెంట క్యాన్సర్ కణాలు నాటుకునే ప్రమాదం కొద్దిగా ఉంది, పైగా మాకు అనుమానం ఉన్నది వెన్నుపూస గురించి. కాబట్టి ముక్క అక్కడి నుంచే తీయాలని నిర్ణయించాం. కాలేయం నుంచి ఎముకకు పాకిన గడ్డలు రక్తంతో నిండి ఉంటాయి, సూది పెడితే బాగా కారుతాయి. రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్ 1.2, ప్లేట్‌లెట్లు 1,18,000 చూసుకుని, రెండు యూనిట్ల రక్తం సిద్ధంగా పెట్టుకుని, సీటీ బల్ల మీదే పెడికిల్ దారిలో సూది పంపారు. మూడు సన్నటి ముక్కలు వచ్చాయి. సూది దారిని రక్తం ఆపే జెల్‌ఫోమ్‌తో మూసినా పది నిమిషాలు నొక్కి పట్టుకోవాల్సి వచ్చింది. భార్య భయపడినట్టు కాళ్లేమీ పడిపోలేదు. నెలన్నర క్రితమే చేసి ఉంటే ఇంత హడావుడి లేకుండా అయ్యేది.

ఆపరేషనా, రేడియేషనా

వెన్నుపాము నొక్కుకుపోతున్నప్పుడు ముందు ఆపరేషన్ చేసి ఆ తర్వాత రేడియేషన్ ఇస్తే, ఒట్టి రేడియేషన్ కంటే మేలని 2005లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ప్యాచెల్ బృందం ట్రయల్ చూపించింది. మొదటి గుంపులో 84 శాతం, రెండో గుంపులో 57 శాతం చికిత్స తర్వాత నడవగలిగారు. ఆ అంకెలు చూస్తే ఆపరేషన్ వైపే మొగ్గాలి. సర్జన్ గారు ఎంఆర్‌ఐ చూసి ఒకే మాట అన్నారు: ముందుగా ఈ గడ్డకు వెళ్లే రక్తనాళాలను మూయకుండా నేను కత్తి పెట్టను. నాళాలు మూసే ఎంబొలైజేషన్ కోసం విశాఖపట్నమో హైదరాబాదో వెళ్లాలి. అంటే కనీసం రెండు రోజులు. ఊపిరితిత్తుల్లో చుక్కలున్నాయి, కాలేయం వాచి ఉంది. మరోవైపు ఆయన ఇంకా నడుస్తున్నారు, పూస సగానికంటే తక్కువే కుంగింది, కదిలినప్పుడు కంటే పడుకున్నప్పుడే నొప్పి ఎక్కువ. అంటే వెన్నెముక నిలకడ పూర్తిగా పోలేదు.

రేడియేషన్‌తోనే వెళ్దామని అందరం ఒప్పుకుని, ఒక షరతు రాసిపెట్టుకున్నాం: 48 గంటల్లో కాళ్ల పట్టు ఇంకో మెట్టు దిగితే ఆ గంటలోనే అంబులెన్స్ కదలాలి. ఇలా ముందే రాసుకోవడం నాకు ఆ యూనిట్‌లోని రేడియేషన్ డాక్టరు గారు నేర్పిన అలవాటు. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరుకు 'కొంచెం తగ్గినట్టుంది, తెల్లారాక చూద్దాం' అనే వీలు ఇవ్వదు. బయాప్సీ రిపోర్టుకు ఐదు రోజులు పడుతుంది. ఆగకుండా మర్నాడే 20 గ్రేల (రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్‌ను ఐదు విడతలుగా ఇవ్వడం మొదలుపెట్టారు.

రెండో రోజు రాత్రి ఎడమ కాలి పట్టు నాలుగు నుంచి మూడున్నరకు దిగింది. ఫోన్ వచ్చింది. షరతులో రాసుకున్న 'మెట్టు' ఇదా కాదా అన్నది అరగంట వాదన. డెక్సామెథసోన్ ఒక మోతాదు అదనంగా ఇచ్చి, రెండు గంటలకోసారి చూడాలని, తెల్లవారేలోగా ఇంకేమాత్రం తగ్గినా పంపాలని నిర్ణయించాం. తగ్గలేదు. నాలుగో రోజుకు మళ్లీ నాలుగుకు వచ్చింది. ఇది మా తెలివి అని నేను అనుకోను. అటో ఇటో అయ్యే రాత్రి, ఇటు అయింది.

ఐదో రోజు పాథాలజీ రిపోర్టు వచ్చింది. స్లైడు నేనూ చూశాను. గులాబీ రంగు ఎముక పలుకుల మధ్య, కాలేయంలో ఉన్నట్టే బారులు తీరిన బహుకోణ కణాలు, వాటి నడుమ అక్కడక్కడా ఆకుపచ్చ గోధుమరంగు పైత్యరసం చుక్కలు. ఎముకలో పైత్యరసం. కాలేయ కణాలను గుర్తించే రంగు పరీక్షలు హెప్‌పార్-1, ఆర్జినేజ్-1 పాజిటివ్. వేరే అవయవాల క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే సీకే7, సీకే20 నెగటివ్. అదే ముక్క మీద క్షయ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్‌ పరీక్షలో క్షయ క్రిమి లేదు. నిక్షయ్‌లో నిర్ధారణ మార్పించాను.

కాలేయం నోరెత్తకుండా వెన్ను ఎందుకు ముందు అరిచిందని ఆయన కొడుకు అడిగాడు. కాలేయం లోపలి కండకు నొప్పి తెలియదు, పైపొర సాగితేనే తెలుస్తుంది. గోపురం కింద పెరిగిన గడ్డ చేతికి తగలదు. మిగిలిన కాలేయం సరిపడా పని చేస్తున్నంతకాలం కామెర్లు రావు. ఎముకకు దారి విషయానికొస్తే, వెన్నుపూసల చుట్టూ కవాటాలు లేని సిరల వల ఒకటి ఉంది. కవాటాలు లేవు కాబట్టి దగ్గినా, ముక్కినా, బస్తా ఎత్తినా పొట్టలో ఒత్తిడి పెరిగి రక్తం అటు మళ్లగలదు. బాట్సన్ దీన్ని 1940లో వివరించారు. కాలేయ క్యాన్సర్ ఎక్కువగా పాకేది ఊపిరితిత్తులకు, లింఫు గ్రంథులకు, ఎముకలకు, అడ్రినల్ గ్రంథులకు. ఎముకల్లో వెన్నుపూసలు ముందుంటాయి.

మాత్రలు, అరచేతులు

బయటికి పాకింది కాబట్టి కాలేయం గడ్డ ఒక్కదానికే చేసే చికిత్సలతో లాభం లేదు. అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ సూదులు కలిపి ఇస్తే సొరాఫెనిబ్ మాత్రల కంటే ఎక్కువ కాలం బతుకుతారని 2020లో ఐఎంబ్రేవ్150 ట్రయల్ చూపింది. బెవాసిజుమాబ్ రక్తస్రావం తెస్తుంది కాబట్టి ముందు ఎండోస్కోపీ చేశాం. అన్నవాహికలో ఉబ్బిన సిరలు కనిపించాయి. వాటికి బ్యాండ్లు వేసి ఆ దారిలో వెళ్లవచ్చు, కానీ ఖర్చు విన్నాక ఆ కుటుంబం ఇల్లు అమ్ముదామా అని తమలో తాము అనుకోవడం నా చెవిన పడింది. ఆ ఇల్లు అమ్మినా నాలుగైదు విడతలకు మించి రాదని లెక్క వేసి చూపించాను. సొరాఫెనిబ్‌కు ఒప్పుకున్నారు. 2012లో మన దేశం ఇచ్చిన మొట్టమొదటి కంపల్సరీ లైసెన్స్ (పేటెంట్ ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా వేరే కంపెనీ తయారుచేసుకునే అనుమతి) ఈ మందుకే, హైదరాబాద్ కంపెనీ నాట్కోకే. నెలకు రెండు లక్షల ఎనభై వేలున్న మందు అప్పుడు 8,880 రూపాయలకు వచ్చింది. ఆ మార్పు ఏమిటో ఇలాంటి కుటుంబాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నప్పుడు తెలుస్తుంది.

ట్రయల్స్‌లో సొరాఫెనిబ్ లాభం తక్కువేనని వాళ్లకు దాచలేదు. హెపటైటిస్ బి ఎక్కువగా ఉన్న ఆసియా పసిఫిక్ ట్రయల్‌లో మధ్యస్థ ఆయుర్దాయం 4.2 నెలల నుంచి 6.5 నెలలకు పెరిగింది. కాలేయం ఎంత పనిచేస్తోందో కొలిచే చైల్డ్ పఘ్ లెక్కలో ఆరు వచ్చింది, ఏ తరగతి, కాబట్టి మందు తట్టుకోగలరు. అయినా పూర్తి మోతాదుతో మొదలుపెట్టడం నా రెండో పొరపాటు. ఈ మందు అరచేతుల్లో, అరికాళ్లలో ఒత్తిడి పడేచోట చర్మాన్ని ఒలుస్తుంది. ఇరవై ఏళ్లు బస్తాల చెవులు పట్టుకుని కాయలు కాసిన చేతులవి. మూడో వారానికి కాయలు కాసిన చోటల్లా పొక్కులు లేచి, కాయలు పెంకుల్లా ఊడాయి. అన్నం కలుపుకోలేక స్పూనుతో తిన్నారు. మందు మొదలుపెట్టే ముందే అరచేతులు తిప్పి చూసి, కాయలను మెత్తబరిచే యూరియా క్రీము రెండు వారాలు రాయించి ఉండాల్సింది. పది రోజులు ఆపి, సగం మోతాదుతో తిరిగి మొదలుపెడితే తట్టుకున్నారు.

క్షయ మందులు ఆగి, టెనోఫోవిర్ మొదలైన నెలకు ఎస్‌జీపీటీ 70కి దిగింది. ఆ పెరుగుదలలో మందుల వాటా ఎంతో, వైరస్ వాటా ఎంతో విడదీయడానికి వీలు లేదు. రేడియేషన్ అయిన మూడు వారాలకు నడుముకు బెల్టు పెట్టుకుని చేతికర్రతో నడిచారు. నొప్పి బిళ్లలు రాత్రి ఒక్కటికి తగ్గాయి. మిల్లుకు వెళ్లి కాటా దగ్గర కుర్చీలో కూర్చుని లెక్క రాసే పని ఐదు నెలలు చేశారు. తొమ్మిదో నెలలో పొట్టలో నీరు, కామెర్లు వచ్చాయి, సొరాఫెనిబ్ ఆపేశాం. మార్ఫిన్ మాత్రలు చాలా చిన్న మోతాదులో ఇచ్చాం, ఎందుకంటే ఈ కాలేయం దాన్ని నెమ్మదిగా వదిలించుకుంటుంది. మలబద్ధకం రానిస్తే మనిషి మత్తులోకి జారిపోతారు కాబట్టి లాక్టులోజ్ తప్పనిసరి చేశాం. పదకొండో నెలలో ఇంట్లోనే పోయారు. చివరి వారం వరకు బాత్‌రూముకు తన కాళ్ల మీదే వెళ్లారు.

ఇప్పుడు నేను మార్చుకున్నవి

వెన్నుపూస ఒక్కటే తినేసి, పెడికిల్ పోయి, డిస్కు మిగిలి ఉంటే ముక్క తీయకుండా క్షయ మందు రాయను; బయాప్సీకి పంపలేకపోతే పంపలేకపోయిన కారణాన్ని కేసు షీటులో రాస్తాను, అలా రాయడానికి సిగ్గేస్తే మళ్లీ ఫోన్ చేస్తాను. క్షయ మందులు మొదలుపెట్టే ప్రతి ఒక్కరికీ ముందుగా హెచ్‌బీఎస్‌ఏజీ చేయిస్తాను. 'మందు వేసి చూద్దాం' అన్నప్పుడు, ఏ తేదీకి ఏది మారకపోతే ఆ నిర్ధారణ వదిలేయాలో కూడా అదే చీటీలో రాస్తాను. మొదటి చీటీలో ఆ తేదీ లేదు, అందువల్లే మూడో వారంలో నొప్పి తిరిగి వచ్చినా ఇంకో రెండు వారాలు అదే మందు నడిచింది. ఆ రెండు వారాలు కలిసొచ్చి ఉంటే ఆయన ఆయుష్షు పెరిగేదని నేను చెప్పలేను. కానీ కాళ్లు పడిపోయేదాకా వచ్చి, ఇంత రిస్కులోకి వెళ్లి ఉండేవాళ్లం కాదు.

కేసు షీటులో ఒక ప్రశ్న చేర్చాను: ఎప్పుడైనా రక్తం ఇచ్చారా, ఇస్తే మళ్లీ ఇవ్వొద్దని ఎవరైనా చెప్పారా? అవునన్నవాళ్లు అప్పుడప్పుడూ దొరుకుతూనే ఉన్నారు.

కుటుంబంలో అందరికీ పరీక్షలు చేయించాం. భార్యకు, కొడుకులిద్దరికీ నెగటివ్. కొడుకులకు మూడు డోసుల టీకా పూర్తయింది. లారీ నడిపే ఆయన తమ్ముడికి పాజిటివ్ వచ్చింది. ఎస్‌జీపీటీ మామూలుగానే ఉంది, స్కాన్‌లో ఏమీ లేదు. ఇంట్లో కాలేయ క్యాన్సర్ ఉంది కాబట్టి ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్, ఏఎఫ్‌పీ అని చెప్పాం. గోపురం వైపు ఊపిరి బిగపట్టించి చూడమని స్కాన్ చీటీ మీద ప్రత్యేకంగా రాస్తున్నాను. మూడోసారి వచ్చినప్పుడు రిపోర్టు బాగుందని చెప్పాక కూడా ఆయన కుర్చీలోంచి లేవలేదు. "మా అమ్మది కూడా ఇదేనంటారా సార్?" అని అడిగారు. అప్పటి కాగితాలేవీ లేవు. అయి ఉండవచ్చన్నాను. ఆయన షీటు తెరిచి, కుటుంబ చరిత్ర గడిలో అన్న పేరు పక్కన తల్లిని కూడా రాశాను.